తుడిచేసిన నూనె మరక

సూళ్లూరుపేటలో కార్ల ఏసీలు బాగుచేసే షాపు బడేసాహెబ్‌ది. చూపు మందగించాక ఆయన కుర్చీకే పరిమితమై, పని కొడుకు యాసీన్‌కు అప్పగించాడు. కూతురు సబీనా ఐటీఐ ముగించి కిందటేడు షాపులోకి వచ్చింది. అప్పటినుంచి యాసీన్ మనసు మనసులో లేదు. ఆమె ఒక్క క్షణం వింటే చాలు, మోత ఎక్కడిదో చెప్పేస్తుందని ఊళ్లో పేరు. ఏళ్ల తరబడి షాపులో చాకిరీ చేసినది తను. పేరు మాత్రం చెల్లెలికి.

ఒక ఉదయం ట్యాక్సీ నడిపే కిషోర్ బాబు వచ్చాడు.

"ఏసీ చల్లగా రావట్లేదు యాసీన్. పైగా ఒకటే గరగర."

యాసీన్ టార్చి వేసి చూశాడు. ముందువైపు, గ్యాస్‌ను చల్లబరిచే కండెన్సర్ అడుగు మూలన నూనె చెమ్మ. ఉప్పుగాలికి అక్కడ తూటుపడి గ్యాస్ పోతోంది, దాంతోపాటే నూనే కారుతోంది. ఆ మాట చెప్పబోయేంతలో కిషోర్ బాబు లోపలికి తొంగి చూశాడు.

"సబీనా లేదా? ఆ పాప ఒకసారి వింటే బాగుండు."

యాసీన్‌కు ఒళ్లు భగ్గుమంది. గుడ్డ తీసుకుని ఆ చెమ్మను శుభ్రంగా తుడిచేశాడు.

"వస్తా ఉంది. ఆమెకే చూపించుకో" అని పక్కకు తప్పుకున్నాడు.

సబీనా వచ్చి ఇంజిన్ వేయించి వింది. ఏసీ ఆపినా మోత ఆగలేదు. ఇంజిన్‌తోపాటే తిరిగే కంప్రెసర్ పుల్లీలో బేరింగ్ అరిగిందని పట్టేసి కొత్తది వేసింది. గరగర పోయింది. పైపుల జాయింట్లన్నీ చూసి, పాతబడ్డ వాషర్ ఒకటి మార్చి, గ్యాస్ నింపింది. కండెన్సర్ మీద నూనె జాడ లేకపోవడంతో దాన్ని అనుమానించలేదు. కిషోర్ బాబు ఆమెను మెచ్చుకుంటుంటే యాసీన్ తల దించుకుని స్పానర్లు సర్దుతూ కూర్చున్నాడు.

వారం తిరక్కముందే బండి మళ్లీ వచ్చింది. నెల్లూరు ఆసుపత్రినుంచి రాఘవమ్మ అనే ముసలామెను తీసుకొస్తుంటే, గూడూరు దాటాక ఏసీలో చల్లదనం పోయిందట. అద్దాలు దించినా వడగాలికి ఆమె సొమ్మసిల్లిందట.

"నీళ్లు చల్లి లేపినాం. ఆమెకేమన్నా అయ్యుంటే?" కిషోర్ బాబు నిలదీశాడు.

బడేసాహెబ్ కూతురి మీద విరుచుకుపడ్డాడు. "లీకు చూడకుండా గ్యాస్ ఎట్ట నింపినావు? రేపట్నుంచి షాపుకు రావద్దు!"

యాసీన్ ఏడాదిగా ఎదురుచూసిన మాట అది. మొదట తియ్యగానే ఉంది. సబీనా నేలమీద పడుకుని కండెన్సర్ కిందికి టార్చి వేసింది.

"ఇంత నూనె ఉందే! ఆ రోజు నాకెందుకు కనపడలే?" అని తనను తానే తిట్టుకుంటుంటే యాసీన్ ఓర్వలేక తండ్రివైపు తిరిగాడు.

"నేనే తుడిచేసినా అబ్బా. అందరూ దాన్నే అడగతా ఉంటే నా వల్ల కాలేదు."

సబీనా లేచి బట్టలు దులుపుకుంది.

"నామీద కోపముంటే నన్ను తిట్టుండాల భాయ్. ఆ ముసలామె నీకేం చేసింది?"

కండెన్సర్ యాసీనే మార్చాడు. రాఘవమ్మ ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాడు. సబీనా మాత్రం ఆగలేదు. తండ్రి బతిమాలినా వినకుండా నాయుడుపేటలో వేరే షాపులో చేరింది.

ఇప్పుడు షాపంతా యాసీన్‌దే. "పాప లేదా?" అని ఎవరన్నా అడిగితే నాయుడుపేట షాపు గుర్తులు చెబుతాడు. చెప్పిన ప్రతిసారీ కడుపులో మండుతూనే ఉంటుంది. అయినా దారి తప్పు చెప్పడు.