చాందరీ ఒప్పుకోలేదు

"పితకడమేగా. నేను చూసుకుంటాలే, నువ్వెళ్ళు" అన్నాడు నాన్న, సాసర్లో టీ ఊదుకుంటూ.

పిన్నికి నెలలు నిండాయి, సాయానికి రమ్మని అమ్మకు పుట్టింటి నుంచి కబురొచ్చిన రోజు అది. పెళ్ళయిన పదకొండేళ్ళలో అమ్మ అక్కడ ఒక్క రాత్రికి మించి ఉండలేదు. ఉంటే బర్రెల్ని ఎవరు చూస్తారు? విస్‌నగర్ పక్కన, ఊరికి కాస్త ఎడంగా, పొలంలోనే రేకుల షెడ్డు వేసి పద్నాలుగు బర్రెల్ని పెంచేవాళ్ళం. ఇల్లు ఆ షెడ్డును ఆనుకునే ఉండేది. గోడకు అటుపక్క అవి నెమరు వేస్తుంటే ఇటుపక్క మేం నిద్రపోయేవాళ్ళం. లూసర్న్ గడ్డి పచ్చివాసన, నానిన పత్తిచెక్క కమ్మదనం, ఎన్నిసార్లు కడిగినా అమ్మ చేతులను వదలని పాలవాసన. చిన్నతనం అనగానే ముందు నా ముక్కుకే గుర్తొస్తుంది.

ఆ "ఏగా" అన్న ముక్క తర్వాత చాలాచోట్ల విన్నాను. వంటేగా అన్నది మా అత్తగారు. ఫైళ్ళు సర్దడమేగా అన్నాడు మా ఆఫీసు సూపరింటెండెంటు. కాన్పేగా, అందరూ కనడం లేదా అన్నాడు నా మొగుడు. విన్న ప్రతిసారీ కోపం రావాలి కదా, నాకు మాత్రం ముందు నవ్వొస్తుంది. ఆ వారం నేను చూసింది అలాంటిది మరి.

మా నాన్న హేమరాజ్‌భాయ్ చెడ్డవాడేం కాదు. రెండుపూటలా పాలక్యాన్లు సైకిలుకు తగిలించుకుని పాలమండలికి తీసుకెళ్ళేవాడు. అక్కడ అరుగు మీద కూర్చుని "నా బర్రెలు ఇలా, నా బర్రెలు అలా" అని చెప్పి, ఎండెక్కాక ఇంటికొచ్చేవాడు. పేడ ఎత్తడం, గడ్డి కొయ్యడం, దాణా కలపడం, పితకడం, దూడలకు జబ్బు చేస్తే ఒళ్ళో పెట్టుకుని మందు పట్టడం అమ్మ పని. మండలి పుస్తకంలో పేరు మాత్రం నాన్నది. ఆ ఏడు తాలూకా మొత్తానికి ఉత్తమ పాల ఉత్పత్తిదారుగా ఆయన్నే ఎంపిక చేశారు. పత్రికలో వెయ్యడానికి ఫోటో తీస్తామని, గురువారం వస్తామని జిల్లా నుంచి ఉత్తరం వచ్చింది. నాన్న కొత్త తలపాగా కొనుక్కున్నాడు.

బయల్దేరే ముందు అమ్మ నన్ను షెడ్డులోకి పిలిచింది. నాకు తొమ్మిదేళ్ళు. చాందరీ, భగరీ అనే రెండు బర్రెలు నా చేతికి కూడా చేపి పాలిచ్చేవి, ఆ సంగతి నాన్నకు తెలియదు. అమ్మ నా బొటనవేలికి గుడ్డపేలిక చుట్టింది.

"ఉజీ, పితకమంటే వేలు వాచిందని చెప్పు. నేనొచ్చేదాకా పొదుగు మీద చెయ్యి వేశావో, ఊరుకోను."

"మరి పొదుగులు నిండి అవి బాధపడవా?"

"దూడల్ని వదులు. కడుపారా తాగుతాయి, పాపం ఎప్పుడు తాగాయని."

అంత చిన్నతనంలోనూ నాకు అర్థమైంది, అమ్మ ఒక్క పిన్ని కోసమే వెళ్ళడం లేదని. వేలికి ఆ పేలిక ఉన్నన్నాళ్ళూ, పెద్దవాళ్ళ రహస్యం నాకిచ్చారన్న గర్వం. నాన్నను మోసం చేస్తున్నానన్న దిగులు కూడా.

మొదటి సాయంత్రమే చాందరీ ఒప్పుకోలేదు. నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న ఆ బర్రె మందకంతా పెద్ద. నాన్న కూర్చోగానే మెడ తిప్పి పైనుంచి కిందికి చూసింది. పాలు బిగబట్టేసింది. నాన్న దాణా రెట్టింపు పెట్టాడు. తిన్నది, చేపలేదు. వీపు నిమిరాడు. రేడియో తెచ్చి పెట్టాడు. అమ్మ పితికేటప్పుడు పాడే పాట తనకొచ్చినట్టు అందుకున్నాడు. భగరీ బాల్చీని తన్నేసింది. పద్నాలుగింటినీ చుట్టి వచ్చేసరికి ఒక్క క్యాను అడుగు కూడా సరిగ్గా తడవలేదు. దూడలకు మాత్రం పండగే, పొట్టలు బానల్లా చేసుకుని ఎగిరాయి. మర్నాడు మండలి సెక్రటరీ గోవాభాయ్ ఆ క్యాను చూసి, బర్రెల్ని అమ్మేశావా అని అడిగాడట. ఆ రోజు నాన్న అరుగు మీద కూర్చోకుండానే వచ్చేశాడు.

మంగళవారం దాకా నాయనమ్మ మంచం మీంచి అంతా చూస్తూ ఊరుకుంది. బుధవారం పొద్దున రొట్టె తింటూ తాపీగా చెప్పింది, "అవి మనిషిని చూసి ఇవ్వవురా, వాసన చూసి ఇస్తాయి. నీ పెళ్ళాం ఘాఘరా కట్టుకో. ఓఢణీ తల మీంచి కప్పుకో. గాజులు కూడా వేసుకో, ఆ చప్పుడు లేకపోతే నమ్మవు."

నాన్న నన్ను బయటికి పొమ్మన్నాడు. నేను కిటికీలోంచి చూశాను. అమ్మ ఎర్ర ఘాఘరా ఆయన పిక్కల దగ్గరే ఆగిపోయింది. గాజులు ముంజేతికి ఎక్కక వేళ్ళ దగ్గర ఇరుక్కున్నాయి. ఓఢణీని గడ్డం కిందికి లాక్కుని చాందరీ పక్కన కూర్చున్నాడు. అది వాసన చూసింది. ఆలోచించింది. కాసేపటికి బాల్చీలో సర్రుమని ధార మోగింది.

సరిగ్గా అప్పుడే షెడ్డు ముందు జీపు ఆగింది. వేరే ఊళ్ళో పని పడిందని జిల్లావాళ్ళు ఒకరోజు ముందే వచ్చేశారు. పెద్ద ఆఫీసరు, ఫోటోలవాడు, వెనకాల గోవాభాయ్. నాన్న లేవబోయి, లేస్తే ఏమవుతుందో తట్టి, ఓఢణీని బొడ్డుదాకా లాగేసుకుని బర్రె వెనక్కి ఒదిగాడు.

"హేమరాజ్‌భాయ్ లేరా?" అని అడిగాడు ఆఫీసరు.

"ఊళ్ళో లేడు" అంది నాయనమ్మ. "ఇది మా కోడలు, జీవీ. పరాయి మగాళ్ళ ముందు నోరు విప్పదు. ఏం కావాలన్నా నన్నడుగు బాబూ."

ఆయన అడిగాడు. తెల్లారకముందే లేచేదెవరు, దాణా కలిపేదెవరు, ఈనేటప్పుడు ఎవరు దగ్గరుంటారు. అన్నిటికీ నాయనమ్మే జవాబు చెప్పింది, అన్నిటికీ జవాబు ఒకటే, జీవీ. మరి హేమరాజ్‌భాయ్ ఏం చేస్తారని చివరికి అడిగాడు.

"క్యాన్లు మోస్తాడు. బాగా మోస్తాడు."

ఓఢణీ లోపల నాన్న వీపు కదిలింది. గోవాభాయ్ చూపు ఘాఘరా కింద కనిపిస్తున్న వెంట్రుకల పిక్కల మీద పడి అక్కడే ఆగిపోయింది. దగ్గొచ్చినట్టు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

"అయితే పుస్తకంలో ఆయన పేరెందుకుంది?" అన్నాడు ఆఫీసరు.

నాయనమ్మ గోవాభాయ్ వైపు తిరిగి, "అది మీరే చెప్పాలి నాయనా. నేనూ నలభై ఏళ్ళు పితికాను. నా పేరూ ఎవరూ రాయలేదు. దీనిదన్నా రాయండి" అంది.

గోవాభాయ్ జేబులోంచి పెన్ను తీశాడు. ఫోటోలవాడు ఫోటో తీసుకున్నాడు.

ఆ పూట నాన్న చాలాసేపు ఓఢణీ తియ్యకుండా గాడి పక్కనే కూర్చుండిపోయాడు. తిడతాడేమోనని భయపడుతూ దగ్గరికి వెళ్ళాను.

"దీంట్లోంచి ఏమీ కనపడదే ఉజీ" అన్నాడు. "ఎదురుగా ఉన్నా నన్నెవడూ పలకరించలేదు. నా మాటే, నా తల మీంచి మాట్లాడుకున్నారు."

"నాకు అరవై ఏళ్ళుగా అంతే" అంది నాయనమ్మ గుమ్మంలోంచి. తిట్టినట్టు అనలేదు. ఉన్నమాట చెప్పినట్టు అంది.

శుక్రవారం అమ్మ వచ్చింది. పిన్నికి ఆడపిల్ల పుట్టింది. నాయనమ్మ మొత్తం చెప్పేసరికి అమ్మ షెడ్డు గుంజ పట్టుకుని, నవ్వీ నవ్వీ పేడలోనే కూలబడింది. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకోకుండా నవ్వడం నేను మొదటిసారి చూశాను. నాన్న అలిగి బయటికి వెళ్ళాడు. పది నిమిషాల్లో తనే తిరిగొచ్చి, అమ్మ నవ్వు ఇంకా ఆగలేదని చూసి, తనూ నవ్వేశాడు.

నెల తర్వాత మెహసాణాలో బహుమతి ఇచ్చారు. జీవీబెన్ అని పిలిచారు. అమ్మ వేదిక ఎక్కి ముసుగు నుదుటిదాకా వెనక్కి తోసింది. ఆఫీసరు ఆమెను ఎగాదిగా చూసి, "ఆ రోజు ఇంకా లావుగా కనిపించావే చెల్లెమ్మా" అన్నాడు.

"ఆ రోజు ఒళ్ళు బాగాలేదండి" అంది అమ్మ.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాన్న కిటికీ పక్కన కూర్చుని, బహుమతిగా ఇచ్చిన ఇత్తడి బిందెను ఒళ్ళో పెట్టుకుని తుడిచిందే తుడుస్తున్నాడు. దాని మీద చెక్కిన అమ్మ పేరును వేలితో తడిమి చూశాడు. బాగుంది అన్నాడు. అమ్మ ఊళ్ళు వెనక్కి పోవడం చూస్తూ కూర్చుంది. విస్‌నగర్ దాటాక, ఎన్నాళ్ళుగానో అనుకుంటున్న మాటలా మెల్లగా అంది, "రేపటి నుంచి సాయంత్రం పూట పితకడం మీది. నేను మండలికి వెళ్ళి అరుగు మీద కూర్చుంటాను."