జత సెట్టుతో పరీక్ష

ధర్మలింగం టంకం కడ్డీని తడి గుడ్డకు తుడిచి, కొత్త వైర్‌లెస్ సెట్టు వెనక మూత బిగించాడు. బరంపురం రిపేరు కొట్లో ముప్పై ఎనిమిదేళ్లుగా ఇదే స్టూలు, ఇదే వంగిన నడుము. బొటనవేలి చివర చర్మం కాలి కాలి గవ్వలా గట్టిపడింది. రామయ్యపట్నం చేపల పడవలన్నీ ఈ కొత్తరకానికే మారాయి. ఇలాంటిది అతని చేతికి రావడం మాత్రం ఇదే మొదలు.

మనసాగక, మూలనున్న పాత సెట్టును ఎదురుగా పెట్టాడు. కొత్తదాని మీట నొక్కి "హలో" అన్నాడు. పాతదాంట్లో మాట రాలేదు. కాలిన పెనం మీద నీళ్లు చిలకరించినట్టు చురచురమంది.

అతని చెవులు వేడెక్కాయి.

పాతది గొంతును ఉన్నదున్నట్టు గాలిలోకి వదులుతుంది. కొత్తది అంకెలుగా తరిగి పంపుతుంది. రెండింటికీ పొత్తు కుదరదని వినే ఉన్నాడు. నెలకిందట జాలరి మసేను తన పాత సెట్టు తెచ్చి, "కొత్తాటితో మాటాడేలా మారుత్తావేటి, లింగం బాబూ?" అన్నప్పుడు అదే చెప్పాల్సింది. నోరు తెరిచేలోగా పక్క టీకొట్టు సూరయ్య పళ్లికిలించాడు: "ముసిలోడికి ఈకాలం సరుకేటి తెలుత్తాదిరా! కొత్తది కొనుక్కో."

"ఎందుకవదు? రేపు రా!" అనేశాడు లింగం.

మర్నాడు ఏవో రెండు ముక్కలు మార్చి, అదే రకం పాత సెట్టుతో మాట్లాడించి చూపించాడు. కవలపిల్లలు కబుర్లాడుకోకేం! మసేను దండం పెట్టి తీసుకెళ్లాడు.

ఇప్పుడు తుఫాను కబురొస్తే నడిసముద్రంలో వాడికేం వినిపిస్తుంది? మసేనుకు ఫోను చేస్తే స్విచాఫ్. లింగం షట్టరు దించి బస్సెక్కాడు.

రామయ్యపట్నంలో మసేను పడవ ఇసుకలో బోర్లించి ఉంది. పక్కన అతని భార్య చిట్టమ్మ వల చిక్కు తీస్తోంది.

"మసేనేడమ్మా?"

"మద్రాసు ఎలిపోనాడు బాబూ, ఎనిమిది దినాలయింది. ఒకలి బోటు మీద కూలికి. సెట్టు పలకనోడితో జతకట్టి రామన్నారు ఇక్కడోలు."

"పలకలేదని నాకు సెప్పలేదేటి?"

"మొదటినాడే తెలిసింది. సెప్పొద్దన్నాడు. సూరయ్య ముందర పెద్దాయన సిన్నబోతాడంట. ఆడి కొట్టుకాడ బెమ్మాండంగా పలుకుతోందనే సెప్పి ఎల్లినాడు."

చిట్టమ్మ గుడిసెలోకెళ్లి ఎండుచేపల తాటాకు బుట్ట తెచ్చింది.

"ఎండు నెత్తళ్లు. బాగుసేసినందుకు నీకిమ్మని ఎట్టి ఎల్లినాడు."

లింగం బుట్ట అందుకున్నాడు. తిరుగు బస్సులో ఒళ్లో పెట్టుకోవడానికి మాత్రం చేతులు రాలేదు. కిటికీ పక్క సీటు మీద బుట్టకు చోటిచ్చి, తను నిలబడ్డాడు. కుదుపు కుదుపుకీ తాటాకు సందుల్లోంచి ఉప్పు సన్నగా రాలుతోంది.