తొమ్మిదో షరతు

ఆ ఇంటి కోడలి చేతికి టైపులో ఎదురు లేదు. లాయరు గారి ఆఫీసులో పదకొండేళ్లుగా అద్దె ఒప్పందాలు కొట్టి కొట్టి, ఏ షరతు తర్వాత ఏది వస్తుందో వేళ్లకే కంఠతా వచ్చేసింది. పక్క సీటు గుమాస్తాతో కబుర్లాడుతూంటే వేళ్లు వాటి మానాన అవి పరుగెత్తేవి. తాముంటున్న మూడో అంతస్తు వాటా ఒప్పందం కూడా ఆవిడ కొట్టిందే. చదవకుండానే సంతకం పెట్టింది. తను కొట్టింది తనే చదువుకోవడమేమిటి, విడ్డూరం కాకపోతే!

ఇన్నాళ్లకు సొంతిల్లు కుదిరింది. రెండే గదులు. కానీ మెట్లు లేని ఇల్లు, ముందు చిన్న వరండా. ఆ వరండా చూసే కొన్నారు. మోకాళ్లు మొరాయించి అత్తగారు ఏడు నెలలుగా మెట్లు దిగలేదు. వరండాలో వేసుకోవాలని ఒక మడత కుర్చీ తెప్పించుకుని, తాడుతో కట్టించి, మంచం పక్కనే పెట్టుకుంది పెద్దావిడ.

రిజిస్ట్రేషన్ అయిన రోజే మొగుడూ పెళ్లాలు పళ్లు పట్టుకుని కింద వాటాలోకి వెళ్లి, ఇల్లుగల లెక్కల మేష్టారికి చెప్పారు. ఖాళీ చేసే నెల కూడా చెప్పారు. ఆయన పొంగిపోయాడు. "శుభం తల్లీ, చల్లగా ఉండండి" అన్నాడు.

సామాన్లు సగం సర్దాక మేష్టారి అల్లుడి నుంచి ఉత్తరం వచ్చింది. తొమ్మిదో షరతు ప్రకారం, గడువుకు మూడు నెలల ముందు రాసి ఇవ్వలేదు కాబట్టి ఒప్పందం మరో ఏడాది సాగుతుందట. ఉన్నా లేకున్నా అద్దె కట్టాలట. వేరేవాళ్లని పెట్టడానికీ వీల్లేదట.

కోడలు ఒక్క పరుగున కిందికి దిగింది.

"నోటితో చెప్పాం కదండీ మేష్టారూ!"

"చెప్పారమ్మా, కాదన్నానా? వ్యవహారాలన్నీ అల్లుడికి అప్పజెప్పేశాను. నా మాట ఎక్కడ సాగుతుంది?" అంటూ ఆయన తల దించుకున్నాడు.

అల్లుడికి ఫోన్ చేస్తే ఒకే ముక్క చెప్పాడు. "కాగితంలో ఏముంటే అదేనండి."

లాయరు గారు ఒప్పందం తిరగేసి, "నువ్వే కొట్టావు కదమ్మాయ్" అని నిట్టూర్చారు. ఆ మాటకి ఆవిడకి నేల చీలితే బాగుండుననిపించింది.

మొగుడి బస్సు డ్రైవరు జీతమూ తన టైపిస్టు జీతమూ కలిపినా అద్దె, బ్యాంకు వాయిదా రెండూ మోయడం వాళ్ల వల్ల కాదు. సొంతింటిని ఏడాదిపాటు అద్దెకివ్వక తప్పలేదు. కోడలు ఆ సంగతి అత్తగారికి చెప్పింది.

"పోనీలేవే. ఏడాదెంతలో గడుస్తుంది" అని పెద్దావిడ తనే వంగి కుర్చీ తాడు విప్పుకుంది. కుర్చీ కిటికీ దగ్గర వేయించుకుని కూర్చుంది. తిట్టినా బాగుండేది. కోడలు వంటింట్లోకి వెళ్లి కొళాయి తిప్పి ఏడ్చింది.

అద్దెకు ఒక నర్సు వచ్చింది. ఆఫీసులోనే ఎదురుగా కూర్చోబెట్టుకుని కోడలు ఒప్పందం కొట్టింది. తొమ్మిదోది మాత్రం రాయకూడదని ముందే ఒట్టు పెట్టుకుంది. తీరా తీసి చదివితే, తొమ్మిదోది దాని చోట అది ఉంది! ఆ కాగితం చింపేసి, కొత్తగా నేర్చుకునేదానిలా ఒక్క వేలితో అక్షరం అక్షరం కొట్టసాగింది.

"మా అమ్మ మెట్లెక్కలేదక్కా. మీ వరండా చూసి ఒకటే సంబరం. అక్కడ వేసుకోడానికి కుర్చీ కూడా కొనుక్కుంది" అంది నర్సు. "ఏడాది అయ్యాక మమ్మల్ని పొమ్మనరు కదా?"

కోడలి వేలు ఆగింది. కిటికీ దగ్గరి కుర్చీ కళ్ల ముందు మెదిలింది.

"కాగితంలో ఏముంటే అదేనమ్మా" అంది. అల్లుడి మాట తన నోట వచ్చినందుకు ఒళ్లు జలదరించింది. మిగిలింది కొట్టి, కాగితం తీసి నర్సు ముందు పెట్టింది. "ఏడాదే. చదువుకుని సంతకం పెట్టు."

"మీరు కొట్టిందే కదక్కా, చదివేదేముంది!" అని నవ్వి, నర్సు సంతకం పెట్టేసింది.