కాంపౌండర్ మీద నింద

మార్కెట్ యార్డులో పసుపు తూకాలతోనే సరిపోయి భీమ్‌రావు హైదరాబాద్ మ్యాచ్ చూడలేదు. ఇంటికెళ్లి ఫోన్‌లో చూసుకుంటానని, ఎవరూ గెలుపోటములు చెప్పొద్దని అందరినీ బతిమాలుకున్నాడు. పెర్కిట్ వెళ్లే ఆటోలో కలిసిన దోస్తు కాశీరాం మాత్రం ఎక్కీ ఎక్కకముందే, "మనోళ్లు ఓడిపోయిండ్రన్నా" అనేశాడు.

భీమ్‌రావుకు ఒళ్లు మండింది. మస్తుంటది చదవమని తానే ఇచ్చిన డిటెక్టివ్ నవల కాశీరాం చేతిలో ఉంది, ఇంకో నాలుగు పేజీలైతే అయిపోతుంది.

"హంతకుడు కాంపౌండరే. ఇగ సదువుకో" అని దిగిపోయాడు. ఆ కోపంలో ఇంటికెళ్లి ఫోనే ముట్టలేదు.

పొద్దున్నే కాశీరాం నవల పట్టుకొచ్చాడు. "కాంపౌండర్ కాదు గదన్నా."

"కోపంల అబద్ధం చెప్పిన."

"మరి నువ్వు మ్యాచ్ చూసినవా?"

"ఓడిపోయినంక ఏం చూసుడు?"

"పోయి చూడు. అబద్ధం నీకొక్కనికే వస్తదా?"