మాట్లాడే గది

మా వార్డు చివర ఒక గది ఉంది. అందులో రెండు కుర్చీలు, ఒక నీళ్ళ సీసా, ఒక టిష్యూల పెట్టె. రోగి పరిస్థితి బాగా లేదని ఇంటివాళ్ళకు చెప్పాలంటే అక్కడికి తీసుకెళ్ళే చెప్పాలి. దానికి మాట్లాడే గది అని పేరు పెట్టింది మాటల మేడమ్. నర్సులకు మాట్లాడటం నేర్పడానికి వచ్చిన మనిషి ఆవిడ. అంతకుముందు మేమంతా మూగవాళ్ళం కాబోలు!

తలుపు వెయ్యాలి. ఫోను ఆపాలి. ఎదురుగా కూర్చోవాలి. సంగతి ముందే చెప్పెయ్యకూడదు, వాళ్ళకేం తెలుసో అడగాలి. వాళ్ళు చెబుతుంటే అడ్డు రాకూడదు. ఏడిస్తే చెయ్యి పట్టుకోవాలి. పద్ధతి చెడ్డదని నేననను. ఇంటివాళ్ళను వరండాలో నిలబెట్టి కసిరే డాక్టర్లను చూసి విసిగిపోయినదాన్నే. నా నోరు మాత్రం ఏం మంచిది? వెనకాల అందరూ నన్ను మిరపకాయ అంటారని నాకు తెలుసు.

చిట్టి మాత్రం ఆ పాఠాన్ని బట్టీ పట్టేసింది. కొత్తగా చేరిన నర్సు, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మేడమ్ పేరెత్తితే చాలు, దానికి చెమటలు పట్టేవి.

ఆ మధ్యాహ్నం కిటికీ పక్క మంచం మీదున్న టైలరుకు ఊపిరి అందలేదు. డాక్టరు చూసి పెదవి విరిచాడు. వాళ్ళావిడను లోపలికి పిలవమని చెప్పి ఆపరేషన్ గదికి వెళ్ళిపోయాడు. ఆవిడ తలుపు అవతల వరండాలోనే ఉంది. నేను కదలడానికి లేదు. ఆయన గొంతులో నిండుతున్న కఫాన్ని గొట్టంతో లాగుతూనే ఉండాలి.

"చిట్టీ, ఆవిణ్ణి తీసుకురావే! పరుగెత్తు!"

"అలాగే అక్కా" అని పరుగెత్తింది.

టైలరు మాస్కు పక్కకు లాగేశాడు. "మా ఆవిడ వచ్చిందా?"

"వస్తోందయ్యా. అదిగో, వచ్చేస్తోంది."

ఇద్దరం తలుపు వైపే చూశాం. ఎవరూ రాలేదు. గంట నొక్కాను. ఎవరూ పలకలేదు. ఒక చేత్తోనే చిట్టికి ఫోన్ చేశాను. ఆపేసి ఉంది. అప్పుడు వెలిగింది నాకు, ఇద్దరూ ఎక్కడున్నారో.

"దీని పద్ధతి దుంపతెగ!" అని అరిచాను. పక్క మంచం ముసలాయన ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు.

"వచ్చిందా?" అన్నాడు టైలరు మళ్ళీ. ఆ తర్వాత గొంతు పెగల్లేదు, పెదవులతోనే అడిగాడు. అలా అడుగుతూ అడుగుతూనే పోయాడు.

నేను ఆయన కళ్ళు మూస్తుండగా చిట్టి ఆవిణ్ణి నడిపించుకుంటూ వచ్చింది. "ఇప్పుడు ఆవిడ సిద్ధంగా ఉందక్కా" అంది.

ఆవిడ మంచం మీద పడి గొల్లుమంది. ఇక నాకేం నోరొస్తుంది? తర్వాత స్టోరు గదిలో చిట్టిని పట్టుకుని చెడామడా తిట్టాను. "నేర్పినట్టే చేశాను కదక్కా" అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది.

వారం వారం మేమంతా గుండ్రంగా కూర్చుని, ఎక్కడ బాగా మాట్లాడామో, ఎక్కడ తప్పామో చెప్పుకోవాలి. అదీ మేడమ్ పెట్టిందే. ఆ వారం ఏవో కాగితాల కోసం వచ్చిన టైలరు భార్యను మేడమ్ బతిమాలి మా మధ్య కూర్చోబెట్టింది.

"మా చిట్టి మీతో ఎలా మాట్లాడిందో చెప్పండమ్మా."

"బంగారు తల్లి!" అందావిడ. "నాకు నీళ్ళిచ్చింది. చెయ్యి పట్టుకుంది. జబ్బు ఎలా మొదలైందని అడిగితే, పెళ్ళైన దగ్గర్నుంచీ మా ఆయన సంగతులన్నీ చెప్పుకొచ్చాను. అప్పటికే ఆయన పోయాడని నాకేం తెలుసు? పాపం, ఆ మాట నాకు చెప్పడానికి ఈ పిల్ల ఎంత నలిగిపోయిందో!"

మేడమ్ మొహం వెలిగిపోయింది. చప్పట్లు మొదలుపెట్టింది, అందరూ అందుకున్నారు. చిట్టి తల వంచుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అప్పటికి పోలేదమ్మా" అన్నాను. "మీరు ఆ గదిలో ఉన్నంతసేపూ బతికే ఉన్నాడు. మా ఆవిడ వచ్చిందా, వచ్చిందా అని అడుగుతూనే ఉన్నాడు."

మేడమ్‌ను కొట్టాలనే అన్నాను ఆ మాట. దెబ్బ తగిలింది మాత్రం టైలరు భార్యకు. చప్పట్లు ఆగిపోయాయి.

మేడమ్ అందరి వైపూ తిరిగి, గొంతు పెంచకుండా అంది: "చూశారా? చెడ్డ కబురు ఎలా చెప్పకూడదో ఇదే. సిస్టర్, ఇప్పుడు మీకేమనిపిస్తోంది?"

టైలరు భార్య మా ఇద్దరినీ పట్టించుకోలేదు. చిట్టినే చూస్తోంది.

"ఒక్కసారి చూసొస్తానని లేచాను కదే. కూర్చోండమ్మా అన్నావు. చెయ్యి వదిలుంటే వెళ్ళేదాన్ని కదే తల్లీ!"

చిట్టి నోరు తెరిచింది. తర్వాత ఏమనాలో తెలియక మేడమ్ వైపు చూసింది.