మావయ్య దిగిన లిఫ్టు

పళ్ల డాక్టరమ్మకు ఆ ఉదయం తల ప్రాణం తోకకొచ్చింది. కుర్చీలో ఉన్నది ఇంకెవరైనా అయితే వేరే ఆసుపత్రికి వెళ్లమని మర్యాదగా చెప్పేది. కానీ అక్కడ పడుకున్నది సొంత మేనమామ.

ఆయన ముప్పై ఏళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్నాడు. పన్నెండో అంతస్తు ఎత్తున తాడుకు వేలాడమన్నా జంకడు గానీ, సూది చూస్తే మాత్రం కాళ్లూ చేతులూ చల్లబడతాయి. పుచ్చిన పన్ను తీయించుకోవడానికి రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ కుర్చీ దిగి పారిపోయాడు. ఈసారి అత్తయ్య వెంటబెట్టుకొచ్చి, గది బయట తలుపుకి అడ్డంగా కూర్చుంది.

ఇలాంటి భయస్తుల కోసమే డాక్టరమ్మ హిప్నాసిస్ నేర్చుకుంది. అది మంత్రమూ కాదు, నిద్రా కాదని, మనసంతా ఒక్కచోటికి చేరితే మిగతా లోకం పక్కకు జరుగుతుందని ఆయనకు విడమరిచి చెప్పింది. మత్తు సూది ఎలాగూ వేస్తుంది. పోవలసింది భయమే.

"కళ్లు మూసుకో మావయ్యా. నువ్వు మెట్లు దిగుతున్నావు. ఒక్కో మెట్టుకీ ఒళ్లు బరువెక్కుతోంది..."

"బరువెక్కితే మెట్లు దిగడమెందుకమ్మా? పడి చస్తాను."

నర్సు నవ్వాపుకోలేక గోడవైపు తిరిగింది.

"పోనీ, సముద్రపు ఒడ్డున నడుస్తున్నావు."

"ఇసుక బూట్లలోకి దూరుతుంది."

"పూలతోటలో ఉన్నావు."

"తుమ్ములొస్తాయి. వీధిలో ఆ హారనేంటి, వాడికి పనీపాటా లేదా?"

"మేఘం మీద తేలుతున్నావు!"

"దాన్ని ఏ తాడు మోస్తోందే?"

డాక్టరమ్మ ఓపిక అడుగంటింది.

"నా ప్రాణాలు తీయకు మావయ్యా! మెట్లొద్దంటే లిఫ్టులోనే దిగు!"

అరిచాక నాలుక కరుచుకుంది. మావయ్య మాత్రం కళ్లు తెరవలేదు.

"ఏ లిఫ్టు?"

"నీ ఇష్టం. నువ్వు బాగుచేసిందే ఏదో ఒకటి."

ఈసారి ఆయనే మొదలుపెట్టాడు. "బట్టల మిల్లులో ఒకటుండేది. తలుపు చేత్తో లాగాలి. వారం రోజులు దాని చప్పుడే అంతుపట్టలేదు..."

'ఇక పురాణం మొదలైంది' అనుకుంటూ ఆమె విసురుగా ట్రే దగ్గరికి లాక్కుంది. అప్పుడు గమనించింది. కుర్చీ చేతుల్ని బిగించి పట్టుకున్న ఆయన వేళ్లు వదులయ్యాయి. రెప్పలు సన్నగా అదురుతున్నాయి. ఊపిరి నిదానంగా సాగుతోంది, మాటకీ మాటకీ మధ్య ఎడం పెరుగుతోంది. వీధిలో మళ్లీ హారన్ మోగింది. ఆయన ముఖంలో చలనం లేదు.

ఒకరు చూపించిన చోటికి వెళ్లే మనిషి కాదు. తన చోటికి తనే నడిచి వెళ్లాడు. ఆమె నేర్చుకున్న వాక్యాలన్నీ పక్కన పెట్టేసింది.

"ఆ చప్పుడు ఎలా ఉండేది మావయ్యా?"

"గరగరమని... పైనుంచి..."

"వింటూ ఇంకో అంతస్తు దిగు. చిగురు దగ్గర చిన్నగా ఒత్తిడి తగులుతుంది. తగలనీ. నీ ధ్యాస చప్పుడు మీదే ఉండనీ."

"ఊఁ."

సూది దిగింది. చూపుడువేలు ఒక్కటి కదిలింది, అంతే. చిగురు మొద్దుబారేదాకా ఆమె లిఫ్టు సంగతులే అడిగింది. పన్ను ఊడి ట్రేలో పడ్డాక, మెల్లగా పై అంతస్తుకి రమ్మని, తలుపు తీసుకుని బయటికి రమ్మని చెప్పింది.

మావయ్య కళ్లు తెరిచి, నోట్లో దూదితోనే తీర్పు చెప్పాడు. "నీ హిప్నాటిజం నా మీద పారలేదమ్మాయ్. నాకన్నీ తెలుస్తూనే ఉన్నాయి."

"తెలియకుండా పోతుందని నేనెప్పుడన్నాను? సూది తెలిసిందా?"

"తెలిసింది."

"మరి పారిపోలేదేం?"

ఆయన మొద్దుబారిన బుగ్గ తడుముకున్నాడు. "మాట మధ్యలో లేచిపోతే బాగుండదు కదా."

వాదించే ఓపిక లేక ఆమె మందుల చీటీ చేతిలో పెట్టింది. హిప్నాటిజం ఒట్టి బూటకమని మావయ్య బయట అందరికీ చెబుతున్న మాటలు లోపలికి వినబడుతూనే ఉన్నాయి.

తరవాతి పేషెంటు ఒక పెద్దావిడ. ఆమెకూ సూదంటే భయమే. డాక్టరమ్మ కొత్త ఉత్సాహంతో కుర్చీ దగ్గరికి జరిగింది.

"మీరేం పని చేస్తుంటారమ్మా?"

పెద్దావిడ అనుమానంగా చూసింది. "అది నీకెందుకు?"

డాక్టరమ్మ దీర్ఘంగా ఊపిరి పీల్చుకుంది.