వెనక సీట్లో కమురు వాసన

లక్ష్మన్న బొగ్గుతో కరెంటు తీసే ఫ్యాక్టరీలో ఆపరేటరు. పొద్దున డ్యూటీ ఉన్న రోజుల్లో రాయచూరు నుంచి తన పాత అంబాసిడర్‌లో బయలుదేరేవాడు. వెనక సీట్లో అక్క హులిగెమ్మ, ఆమె పక్కన జొన్నరొట్టెల గంప. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆమె రొట్టెలమ్ముతుంది. ఎవరి బర్రె ఈనిందో, ఎవరి కోడలు అలిగిందో చెబుతూ దారి పొడుగునా తమ్ముణ్ని నవ్విస్తూనే ఉంటుంది.

దేవసూగూరు దగ్గరపడి, ఫ్యాక్టరీ బొగ్గు బూడిద వదిలే చెరువు కట్ట కనబడగానే కారులో కమురు వాసన మొదలయ్యేది.

"రొట్టె మాడిందా అక్కా?"

"నా చేతి రొట్టె ఏనాడన్న మాడిందా? నీ కారే మాడుతున్నది, సూసుకో."

లక్ష్మన్న చెప్పింది విని స్టేషన్ రోడ్డు మెకానిక్ మహాంతేశ్, "అక్కడ చడావు ఎక్కాలె గదా, క్లచ్ ప్లేటే" అన్నాడు. కొత్తది వేశాడు. వాసన పోలేదు. ఇంజను ఆయిలు కారి వేడి సైలెన్సర్ మీద పడుతోందేమోనని గ్యాస్కెట్ మార్చాడు. హ్యాండ్ బ్రేకు పట్టేస్తోందేమోనని కొంతదూరం నడిపించి వెనక చక్రాలకు అరచెయ్యి ఆనించి చూశాడు. చల్లగా ఉన్నాయి. వైర్లన్నీ వెతికాడు. ఒక్కటీ కరగలేదు.

చివరికి తల గోక్కుంటూ అడిగాడు. "నువ్వొక్కనివే వచ్చేటప్పుడు గూడ వస్తదా?"

లక్ష్మన్న ఆలోచించాడు. ఎప్పుడూ రాలేదు.

మహాంతేశ్ వెనక సీటు పైకెత్తి రెక్సిన్ విప్పాడు. రెక్సిన్‌కు ఏమీ కాలేదు. దాని కింద కొబ్బరిపీచు మాత్రం ఒక మనిషి కూర్చున్నంత మేర బొగ్గయిపోయి ఉంది. వేలు పెడితే పొడిపొడిగా రాలింది.

"కారుది కాదు లక్ష్మన్నా. ఎవరిదో కడుపు కాలుతున్నది." టైరులో గాలి తగ్గిందని చెప్పినట్టే చెప్పాడు. "మా ఊరు మట్మారిల భీమవ్వకు గిట్లనే అయింది. ముందు మంచం కాలె, ఎనక మనిషి కాలె. గాజులే మిగిలినయి. ఈ సీటెనకనే పెట్రోల్ ట్యాంకు ఉన్నది. పీచు నేను మారుస్త, మంట నువ్వే ఆర్పాలె."

లక్ష్మన్న ఆ బొగ్గును చేత్తో తడిమాడు. రోజూ తనను నవ్వించే మనిషి, తన వెనకాలే కూర్చుని కాలిపోతోందా?

మర్నాడు వాసన రాగానే కట్ట పక్కన కారు ఆపాడు.

"అక్కా, నీ కడుపుల ఏం కాలుతున్నది?"

"ఏమీ లేదు, నడువు. గేటు కాడ జనం సూస్తుంటరు."

"సీటు కింద బొగ్గయింది. నా కండ్లతోని సూసిన."

హులిగెమ్మ కట్టవైపు చెయ్యి చూపింది. "ఆ బూడిద కింద మన చేను ఉండె. గట్టు మీద యాపచెట్టు యాదికున్నదా?"

"ఉన్నది."

"దాని మొదట్ల నా బిడ్డ ఉన్నది."

అతనికి అర్థం కాలేదు.

"నువ్వు చిన్న పిలగానివి, రాయచూరు హాస్టల్ల ఉంటివి. పుట్టిన వారానికే పాయె, ఆడ పూడ్చిండ్రు. చిన్నోనికి చెప్పొద్దన్నడు నాయిన. అత్తగారోళ్లు మళ్ల నన్ను పిలువలే."

లక్ష్మన్నకు ఆనాటి సంగతి గుర్తొచ్చింది. ఫ్యాక్టరీకి భూమి ఇచ్చిన ఇంటికి ఒక నౌకరి అన్నప్పుడు, అక్క వేలు పట్టి భూమి కాగితం మీద ఒత్తించింది తనే. ఆమె నవ్వుతూనే వేలిచ్చింది.

"అప్పుడన్న చెప్పకపోతివి!"

"నీ కడుపు నిండుతదంటిరి. నా కడుపు సంగతి ఎవరడిగిండ్రు?"

"అయితే నేను మేనమామనా?" లక్ష్మన్న ఆమె వైపు తిరిగాడు. "పేరేం పెట్టినవ్?"

హులిగెమ్మ తమ్ముడి వైపు చూసింది. ఆ మాట ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. "తొట్లెల ఏసి పేరు పెట్టకముందే పాయె. పేరెక్కడిది?"

ఇద్దరూ కారు దిగి, కట్ట ఎక్కి అవతలకి దిగారు. ఆ అంచున నీళ్లింకి, బూడిద గట్టిపడి ఉంది. ఎటు చూసినా అదే బూడిద, చెట్టూ లేదు, గట్టూ లేదు. అయినా హులిగెమ్మ సొంత ఇంట్లో నడిచినట్టు తిన్నగా నడిచి ఒకచోట ఆగింది. లక్ష్మన్న అక్కడ మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"మన అవ్వ పేరు పెడుదమా?" అంది ఆమె మెల్లగా.

అతను బూడిదకు నోరు ఆనించి, పసిదాని చెవిలో చెప్పినట్టు, "చెన్నవ్వా" అని పిలిచాడు. మళ్లీ పిలిచాడు. పక్కన కూర్చున్న హులిగెమ్మ కన్నీళ్లు ఒళ్లో పడి చుయ్‌మన్నాయి. చీర మీంచి ఆవిరి లేచింది. లేస్తూనే ఉంది, ఆమె ఏడ్చినంతసేపూ.

ఆ తర్వాత కారులో వాసన రాలేదు.

కొన్నాళ్లకు పక్కింట్లోకి రామాబాయి అనే ఆమె కొత్తగా వచ్చింది. ఒక ఆదివారం అరుగు మీద కూర్చుని మాటల్లో మాటగా, "మీకు పిల్లలెందరక్కా?" అని అడిగింది.

లోపల గడ్డం గీసుకుంటున్న లక్ష్మన్న చెయ్యి ఆగిపోయింది. ఆ ప్రశ్న వినబడితే అక్క ఏదో పని చెప్పి లేచిపోతుంది. ఎప్పుడూ అంతే.

"ఒక్కతే," అంది హులిగెమ్మ. "చెన్నవ్వ."

"ఏడుంటది?"

"దేవసూగూరు కాడ. కావాలంటే దాని మేనమామ లోపలున్నడు, అడుగు."

లక్ష్మన్న చెంప మీద నురగతోనే బయటికొచ్చి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"అవునమ్మా," అన్నాడు. "నా మేనకోడలే."